ఆఖరి వంద గజాలు

ఓడ తోక మునుగుతోంది. ఎవరూ కంగారు పడటం లేదు, ముంచుతున్నది ఓడవాళ్లే. అడుగున ఉన్న ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు వదిలారు. వెనుక వైపు బరువెక్కి మెల్లగా కిందికి దిగింది. ఇప్పుడు వెనుక తలుపు తెరుస్తున్నారు. తలుపంటే మామూలు తలుపు కాదు, నాలుగు లారీలు పక్కపక్కన పట్టేంత ఇనప గోడ. అది వాలేకొద్దీ లోపలికి వెలుతురు వస్తోంది, వెలుతురుతో పాటే నీళ్లూ వస్తున్నాయి. ఓడ కడుపులో ఉండే ఈ పొడవాటి చావడిని వెల్ డెక్ అంటారు. నీళ్లు నిండాక ఇంతసేపూ గొలుసులతో కట్టి ఉంచిన పడవలు తేలతాయి. అడుగు చదునుగా ఉండే ఆ పడవల్లో ఒకదాంట్లో మీరు నిలబడి ఉన్నారు.

2019 నవంబరు. ఓడ పేరు ఐఎన్ఎస్ జలాశ్వ. ఎదురుగా ఎక్కడో కాకినాడ ఒడ్డు ఉంది. ఎక్కడో అనడం ఎందుకంటే మీకు కనబడదు. పడవ గోడలు మీ తలకన్నా ఎత్తు. పైన ఆకాశం ముక్క, ముందు మూసిన ర్యాంపు, పక్కనవాడి వీపు మీద సంచి, డీజిల్ పొగ. మీకు దక్కిన దృశ్యం ఇంతే.

మీది చిత్తూరు జిల్లా. పీలేరు అనుకోండి, పుంగనూరు అనుకోండి. ఈత రాకపోలేదు. చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలో నేర్చుకున్నారు. ఆ బావి ఎండిపోయి, దాని పక్కన బోరు పడి, ఆ బోరూ ఎండిపోయి చాలా ఏళ్లయింది. సైన్యంలో చేరి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ శిక్షణ పొందారు. రెజిమెంట్ యుద్ధ నినాదం తమిళంలో ఉంటుంది. సరిహద్దు ఊళ్లవాళ్లం కాబట్టి మనకది కొత్త కాలేదు, గుంటూరు నుంచి వచ్చినవాడు మాత్రం వారం రోజులు తడబడ్డాడు. ఇప్పుడు మీరు 19 మద్రాస్ బెటాలియన్‌లో ఉన్నారు. కొండలూ అడవులూ చూశారు. ఓడ నుంచి ఒడ్డుకు దిగడం మాత్రం మీ చేత ఎవరూ చేయించలేదు.

(ఈ 'మీరు' ఒక్కరే నా కల్పన, మీతో మాట్లాడే పడవ మనిషిని కూడా కలుపుకోండి. టైగర్ ట్రయంఫ్ విన్యాసం, ఓడలు, దళాలు, తేదీలు నిజమైనవే. భారత్, అమెరికాల త్రివిధ దళాలు కలిసి చేసిన మొదటి విన్యాసం అది. నవంబరు 13 నుంచి 21 దాకా విశాఖలోనూ కాకినాడలోనూ జరిగింది.)

పడవ వెనక్కి జారి బయటపడింది. ఓడ నీడ దాటగానే అల తగిలింది. అడుగు చదునుగా ఉన్న పడవ అలను కోయదు, దాని మీదికెక్కి కిందికి పడుతుంది. ఒడ్డు దాకా పోవాలంటే అడుగు చదునుగా ఉండక తప్పదు. ఒడ్డుకు పనికొచ్చే గుణమే సముద్రంలో శత్రువు. పైగా బయటపడ్డ వెంటనే ఒడ్డుకు పోరు. అన్ని పడవలూ దిగి వరసలో కలిసేదాకా గుండ్రంగా తిరుగుతూ ఉండాలి. ఆ తిరుగుడుకు మీ కడుపు ఒప్పుకోవడం లేదు.

వెనుక చుక్కాని దగ్గరున్న నావికుడిది శ్రీకాకుళం. మీ ముఖం చూడగానే విషయం తెలిసిపోయింది.

"ఏటి తమ్ముడూ, కడుపు తిప్పేస్తందేటి?"

"ఏం లేదున్నా. బాగానే ఉండా."

"బాగుంటే అలాగుండదులే మొకం. కిందికి సూడకు. ఆకాశం కేసి సూడు."

మీరు ఆకాశం చూస్తారు. అదీ ఊగుతోంది.

కాస్త దూరంలో మరో ఓడ ఉంది, అమెరికా వాళ్ల జెర్మన్‌టౌన్. దాంట్లోంచి దిగుతున్నవాళ్లు అమెరికా మూడో మెరైన్ డివిజన్ మనుషులు. వాళ్లకూ కడుపు తిప్పుతుంది, సముద్రానికి పక్షపాతం లేదు. తేడా ఎక్కడంటే, వాళ్లు ఉద్యోగంలో చేరిందే దీనికోసం. స్పెయిన్ 1537లో, బ్రిటన్ 1664లో, అమెరికా 1775లో తమ మెరైన్ దళాల పుట్టుకను లెక్కపెట్టుకుంటాయి. తెరచాపల కాలంలో వాళ్ల పని ఓడ మీదినుంచి తుపాకీ పేల్చడం, శత్రువు ఓడ మీదికి దూకడం, సొంత నావికులు తిరగబడితే అధికారులను కాపాడటం, అవసరమైతే ఒడ్డుకు దిగి కోటను పట్టడం. నేడు పనులు మారాయి. దీవులు పట్టడం, యుద్ధం చెలరేగిన దేశంలోంచి జనాన్ని తీసుకురావడం, దొంగలు పట్టుకున్న నౌకను విడిపించడం, తుఫాను కొట్టిన తీరానికి మందులూ నీళ్లూ చేర్చడం అన్నీ వాళ్ల ఖాతాలోవే. మారనిది ఒక్కటే: ఓడకూ ఒడ్డుకూ మధ్య ఉండే ఆ ఆఖరి వంద గజాల నీళ్లు. ఓడ అంత దగ్గరికి రాలేదు, సైనికుడు అంత దూరం ఈదలేడు. ఆ వంద గజాలు తనవి అని చెప్పుకునే సైనికుడే మెరైన్.

మన దేశంలో ఆ మాట ఎవరూ అనరు. మనకు మెరైన్ దళం లేదు. ఓడ, పడవ నౌకాదళానివి. దిగేవాళ్లు సైన్యంవాళ్లు. ఆ వంద గజాలు ఇద్దరివీ.

రాత్రి మీరు పడుకున్న బంకు కథ వింటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. జలాశ్వ మొదటి పేరు ట్రెంటన్. 1971లో అమెరికా నౌకాదళంలో చేరింది. మెరైన్లను మోయడానికే కట్టిన ఓడ. 1991 జనవరిలో సోమాలియా రాజధాని మొగదిషు తగలబడుతుంటే గువామ్ అనే మరో ఓడతో కలిసి అటు పోయింది. మెరైన్లు హెలికాప్టర్లలో ఎగిరి అమెరికా రాయబార కార్యాలయం నుంచి 281 మందిని ఎత్తుకొచ్చారు. 2007లో దాన్ని మనం 4.84 కోట్ల డాలర్లకు కొన్నాం. దాదాపు 17,000 టన్నుల ఓడ, వెయ్యిమంది సైనికులు పట్టే బంకులు, నాలుగు ల్యాండింగ్ పడవలు. మెరైన్ల కోసం కట్టిన ఓడను కొన్నాం, బంకులు నింపడానికి మాత్రం మీలాంటివాళ్లను పిలుస్తున్నాం.

పడవ ఇంకా తిరుగుతోంది. మెట్ట ప్రాంతపు సైనికుణ్ని ఓడెక్కించడం ఈ తీరానికి కొత్త కాదు, అది ప్రతిసారీ సాఫీగానూ జరగలేదు. మిమ్మల్ని ఒక్కసారి ఇక్కడికి ఉత్తరాన విశాఖకు, 1780 అక్టోబరు 3కు తీసుకెళ్తాను.

మీరిప్పుడు ఈస్టిండియా కంపెనీ సిపాయి. ఉత్తర సర్కారుల బెటాలియన్‌లో గ్రెనేడియర్. ఎదురుగా ఓడ లంగరేసి ఉంది. మిమ్మల్ని ఎక్కమంటున్నారు. మద్రాసు పోవాలి. అక్కడ హైదర్ అలీ కర్ణాటకంలోకి (అంటే ఆర్కాటు సీమలోకి) దిగి, సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు సేనను నలిపేశాడు. ఉన్నవాళ్లందరినీ మద్రాసుకు తెప్పిస్తున్నారు. నడిచి వెళ్లమంటే వెళ్తారేమో. ఓడెక్కితే ఇల్లు, కులం, తిరిగి రావడం అన్నీ అనుమానమే. ఎవరో మొదటి తుపాకీ పేల్చారు. ఆ రోజు సిపాయిలు ఓడెక్కలేదు. ఇంగ్లీషు అధికారులు కొందరు చనిపోయారు. తిరుగుబాటును తర్వాత అణచివేశారు. విశాఖ పాత శ్మశానంలో ఆనాటి సమాధులున్నాయి. 1857కు 77 ఏళ్ల ముందు, ఒడ్డుకూ ఓడకూ మధ్య జరిగిన తిరుగుబాటు ఇది.

హైదర్‌తో ఆ యుద్ధం జరిగింది చిత్తూరులో మీ ఊరి చుట్టుపక్కలే. హైదర్ నేల మీద గట్టివాడు, సముద్రం మాత్రం అతని చేతికి చిక్కలేదు. 1780 డిసెంబరులో ఇంగ్లీషు అడ్మిరల్ హ్యూస్ మంగళూరులో అతని నౌకలను తగలబెట్టాడు. మరుసటి ఏడాది అదే హ్యూస్ తన ఓడల్లోని నావికులనూ మెరైన్లనూ నాగపట్నం దగ్గర దించితే, నవంబరులో డచ్చివాళ్ల కోట పడిపోయింది. 1782 మొదట్లో ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ ఓడలు తమ సైనికులను పోర్టో నోవో దగ్గర దించాకే హైదర్‌కు కడలూరు దక్కింది. ఎవరు ఎక్కడ దిగగలరన్నదే యుద్ధాన్ని నడిపింది. సముద్రం కనబడని కొండల మధ్య కూర్చుని, ఫ్రెంచి ఓడల కబురు కోసం చూస్తూ చూస్తూ, ఆ డిసెంబరు 7న చిత్తూరు పక్క నరసింగరాయనిపేట విడిదిలో రాచపుండుతో హైదర్ చనిపోయాడు. చిత్తూరోళ్లకు సముద్రంతో ఏం పని అని ఎవరైనా అడిగితే ఆ ఊరు చూపించండి.

రెండో మజిలీ 1971 డిసెంబరు 14. ఇది తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఇవాళ మీ పడవలో పాటిస్తున్న జాగ్రత్తలు ఎందుకో ఆ ఒడ్డున పోయిన ప్రాణాలు చెబుతాయి.

చిట్టగాంగుకు దక్షిణాన కాక్స్ బజార్. తూర్పు పాకిస్తాన్ కూలిపోతోంది. అక్కడి సైనికులు తీరం వెంట బర్మాలోకి జారిపోకుండా దారి కట్టేయాలి. గూర్ఖా రైఫిల్స్ బెటాలియన్ ఒకదాన్ని ఉన్నపళంగా కలకత్తాలో విశ్వ విజయ్ అనే సరుకుల ఓడ ఎక్కించారు. కొండల్లో పుట్టినవాళ్లు, సముద్రంలోకి దిగే సాధన చేయనివాళ్లు. నడిసముద్రంలో వాళ్లను సరుకుల ఓడ నుంచి ల్యాండింగ్ ఓడల్లోకి మార్చారు. గుల్దార్, ఘరియాల్ ఆ ఓడల పేర్లు. అల మీద ఒక ఓడ లేస్తుంటే రెండోది దిగుతుంది. ఆ క్షణం చూసి బరువుతో దూకాలి.

తెల్లవారింది. ఓడ ఒడ్డుకేసి నడిచి నేలను తాకింది. ర్యాంపు దించారు. ఎదురుగా ఇసుక, తాటిచెట్లు. మీరు ముందు వరసలో ఉన్నారు. దిగమన్నారు. దిగితే కాలికి నేల తగల్లేదు.

ఓడ తాకింది ఒడ్డును కాదు, ఒడ్డుకు ముందున్న ఇసుక మేటను. ఇలాంటి తీరాల్లో అల ఇసుకను తెచ్చి కొంతదూరంలో మేట వేస్తుంది. మేటకూ అసలు ఒడ్డుకూ మధ్య కాలువలాగా లోతు మిగులుతుంది. పైనుంచి చూస్తే అంతా ఒకే నీళ్లు. ముందు దిగిన కొద్దిమందిలో ఇద్దరు గూర్ఖాలు ఆయుధాల బరువుతో మునిగిపోయారు. వాళ్ల మీద శత్రువు ఒక్క గుండూ పేల్చలేదు. పేల్చడానికి అక్కడ శత్రువే లేడు, పట్నం అప్పటికే ముక్తివాహిని చేతిలో ఉంది. మిగతావాళ్లను ఆ ఊరి పడవల్లో ఒడ్డుకు చేర్చేసరికి యుద్ధమే అయిపోవచ్చింది.

తప్పు గూర్ఖాలది కాదు. ఓడ నడిపినవాడి ఒక్కడి మీద వేయడమూ నాకు న్యాయం అనిపించదు. ఆ నేల లోతు ముందుగా ఎవరూ కొలవలేదు. 

ఇప్పుడు కాకినాడ విన్యాసానికి వచ్చిన మూడో భారతీయ ఓడ పేరు గమనించండి. జలాశ్వ, ఐరావత్‌లతో పాటు సంధాయక్. అది యుద్ధనౌక కాదు, సముద్రపు అడుగు కొలిచే సర్వే ఓడ. జెండాలూ హెలికాప్టర్లూ ఫొటోల్లో పడతాయి, సంధాయక్ పడదు. నన్నడిగితే ఆ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైన పేరు అదే.

మీ పడవ తిరగడం ఆపింది. ముందుకు దూకింది. ఇంజన్ హోరు మారింది. సంచి పట్టీలు వదులు చేయమని ఎవరో అరుస్తున్నారు. నీళ్లలో పడితే సంచిని వదిలించుకోవాలి. మీ వేళ్లు ఆ పట్టీ కోసం తడుముకుంటున్నాయి.

"ఒడ్డు అంటుకోగానే కుదుపొస్తాది తమ్ముడూ. పడిపోకు. ర్యాంపు పడ్డాక ఆగకు. దిగీసి ముందుకెల్లిపో. నువ్వాగితే నా పడవ అడ్డం తిరిగిపోద్ది."

అడ్డం తిరగడమే అతని భయం. పడవ మూతి ఇసుకలో ఉంటుంది, తోకను వెనుక అలలు తోస్తుంటాయి. తోక పక్కకు జరిగితే పడవ అలకు అడ్డంగా పడుతుంది, రెండో అలకు బోల్తా కొడుతుంది. అందుకే ఒడ్డెక్కాక కూడా అతను ఇంజన్లు ఆపడు. ముందుకు తోస్తూనే చుక్కాని సరిచేస్తూ నిలబెడతాడు. మీరు దిగేదాకా అతను సముద్రంతో కుస్తీ పడుతూ ఉండాలి.

కుదుపు. గొలుసుల చప్పుడు. ర్యాంపు పడింది. ఒక్కసారిగా ఎండ, ఇసుక, జనం, సరుగుడు చెట్లు. దిగారు. మోకాలు, తొడ, నడుము. అక్కడ ఆగింది నీళ్ల మట్టం. కింద గట్టి ఇసుక. బూటులో నీళ్లు నిండి కాలు రెండింతల బరువైంది. వెనుక నుంచి వచ్చిన అల మీ సంచిని ముందుకు నెట్టి మిమ్మల్ని సగం నడిపించింది. పది అంగలేస్తే పొడి నేల.

దిగినచోట యుద్ధం లేదు. విన్యాసం కథ ప్రకారం ఇది విపత్తు కొట్టిన తీరం, మీరు సాయానికి వచ్చారు. గుడారాలు లేస్తున్నాయి. మన సైన్యం, అమెరికా మెరైన్లు కలిసి ఒక కమాండ్ కేంద్రం పెడుతున్నారు. వాయుసేన వైద్య బృందం, అమెరికా నౌకాదళ వైద్యులు కలిసి శిబిరం తెరుస్తున్నారు. నవంబరు మన తీరానికి తుఫాన్ల నెల, కాబట్టి ఇది ఉత్త నాటకం కాదు. అయితే విపత్తు అన్న మాట చాలా మర్యాదైన ముసుగు కూడా. మందులపెట్టె దించడానికి కావలసిన నేర్పే ఫిరంగి దించడానికీ కావాలి. ఆ సంగతి రెండు దేశాలకూ తెలుసు, దూరం నుంచి చూసేవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

అదే విన్యాసం 2025 ఏప్రిల్‌లో మళ్లీ కాకినాడకు వచ్చినప్పుడు మన వైపు బలం పెరిగింది. సైన్యం తరఫున తిరువనంతపురంలో ఉండే 91వ ఇన్‌ఫెంట్రీ బ్రిగేడ్ వచ్చింది. నేల మీద నుంచి నీళ్లలోకీ నీళ్ల నుంచి నేల మీదికీ పోరాడటానికి మనం సిద్ధం చేసుకున్న బ్రిగేడ్ అది. తోడుగా 12వ మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీ బెటాలియన్ వచ్చింది. ఇలాంటి దళాలు వాడే బీఎంపీ బండ్లు మన మెదక్ ఫ్యాక్టరీలో తయారవుతాయి. ముందున్న రేకు పైకెత్తి, పంపులు ఆన్ చేసి, గంటకు ఏడు కిలోమీటర్ల వేగంతో సముద్రంలో ఈదుకుంటూ ఒడ్డెక్కుతాయి. లోపల కూర్చున్నవాళ్లకు మీకు కనబడినంత ఆకాశం ముక్క కూడా కనబడదు.

మనకూ అమెరికాలాగా ఒక మెరైన్ దళం పెట్టాలా? పెట్టాలనేవాళ్లు మాజీ అధికారుల్లో చాలామందే ఉన్నారు. నాకంత నమ్మకం లేదు. అమెరికా మెరైన్లే 2020 నుంచి తమ ట్యాంకులన్నీ వదిలేసుకుని, చిన్న చిన్న గుంపులుగా దీవుల మీద క్షిపణులతో కూర్చునే పద్ధతికి మారుతున్నారు. వాళ్లు వదిలేస్తున్న రూపాన్ని మనం ఇప్పుడు తెచ్చుకుంటే చేతికి వచ్చేసరికి పాతబడుతుంది. మెరైన్లు చేసే పనులు మన దగ్గర ముక్కలుగా ఉండనే ఉన్నాయి. నౌకాదళ కమాండోలు మార్కోస్‌కు విశాఖ దగ్గర 2016లో ఐఎన్ఎస్ కర్ణ అనే స్థావరం వచ్చింది. 2024 మార్చిలో సోమాలియా దొంగలు పట్టుకున్న రూయెన్ నౌక దగ్గరికి ఆ కమాండోలను విమానం నుంచి సముద్రంలోకి దించారు. ఐఎన్ఎస్ కోల్‌కతా వెంటపడింది. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది నావికులు బతికి బయటపడ్డారు. ముంబై దాడుల తర్వాత 2009లో రేవుల కాపలాకు సాగర్ ప్రహరీ బల్ వచ్చింది. ఒడ్డుకు దిగే పని మాత్రమే ఇంకా అరువు మనుషుల మీద, పాత ఓడల మీద నడుస్తోంది. జలాశ్వకు యాభై ఏళ్లు దాటాయి. అలాంటివే నాలుగు పెద్దవి కట్టించాలన్న ఆలోచన పదేళ్లకు పైగా కాగితాల మీదే తిరుగుతోంది. కొత్త పేరు, కొత్త టోపీ కన్నా ముందు కావలసింది తరచుగా తడవడం. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తడిసినవాడు ప్రతిసారీ కొత్తవాడే.

సాయంత్రం. తిరిగి ఎక్కాలి. ఇదీ విన్యాసంలో భాగమే, దిగడం కన్నా విసుగు పని. ఆఖరున ఎక్కించింది రేపు మొదట దిగుతుంది కాబట్టి ఏ పెట్టె ముందు, ఏ బండి వెనుక అని కాగితం పట్టుకుని ఒకాయన గొంతు పోయేలా అరుస్తున్నాడు. పొద్దున్నటి నావికుడే చుక్కాని దగ్గర బీడీ వెతుక్కుంటున్నాడు. మీ బూట్ల నిండా ఇసుక.

"అన్నా, మా చిత్తూరోళ్లకు దగ్గర సముద్రమంటే పులికాట్, శ్రీహరికోట పక్కే. ఇస్కూలప్పుడు పోయుంటిమి. అక్కడికి ఈ ఓడ వస్తాదా?"

ఆ పక్క తీరం 2022 జిల్లాల మార్పుతో తిరుపతి జిల్లాలో కలుస్తుందని ఇద్దరికీ అప్పటికి తెలియదు. రాకెట్లు లేచే దీవి, దాని వెనుక సరస్సు, సరస్సు మధ్య పల్లెలు. పెద్ద తుఫాను వచ్చి రోడ్డు తెగితే సముద్రం వైపు నుంచే పోవాలి.

నావికుడు కాసేపు ఆలోచించాడు. "దుగ్గరాజపట్నం ఎదురుగా దిబ్బుంది. చార్టులో ఆర్మగాన్ షోల్ అని రాసుంటాది. ఈ ఓడ లోపలికి రాదు, దూరంగానే లంగరెయ్యాల. పడవలైతే వస్తాయి."

"ఒడ్డుదాకా వస్తాయా?"

"ముందు ఎవడో ఒకడు నీళ్లలో దిగి లోతు సూసి సెప్పాల కదా తమ్ముడూ. దిగుతావేటి?"

"బాయిలో ఈత వచ్చున్నా."

"బాయి సాలదు," అని నావికుడు ఇంజన్ మీట నొక్కాడు.